భార్గవి వదిలేసిన రెండో లైను

2019 ఆగస్టు 29, గురువారం. సాయంత్రం నాలుగుంబావు. హెడ్మిస్ట్రెస్ గది. ఉన్నవారు: హెడ్మిస్ట్రెస్ విమల గారు, ఐదో తరగతి టీచరు (నేను), ఐదో తరగతి విద్యార్థిని భార్గవి, తండ్రి మునిరత్నం, తల్లి కస్తూరి. బయట చినుకులు. విషయం: టీసీ.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. తమిళనాట, వాషర్‌మెన్‌పేటలో ఒక తెలుగు మీడియం ప్రాథమిక పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఐదో తరగతే చెప్పాను. డైరీ రాసే అలవాటు ఉద్యోగం కన్నా ముందునుంచే ఉంది. మీటింగు ఏదైనా సరే తేదీ, టైము, ఎవరెవరు ఉన్నారు అన్నవి ముందు రాసి, ఇంటికి వెళ్ళగానే ఎవరేమన్నారో వాళ్ళ మాటల్లోనే రాసుకుంటాను. అందుకే ఈ సంగతిని ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను.

టీసీ అంటే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికేట్. పిల్లను ఒక బడి నుంచి తీసి మరో బడిలో వేయాలంటే పాత బడి ఇచ్చే కాగితం. అది అడుగుతూ మునిరత్నం రాసిన లెటరు ఆ సాయంత్రం టేబులు మీద ఉంది. ఆయన ఎం.సి. రోడ్డులో ఒక టైలరింగ్ యూనిట్‌లో కటింగ్ మాస్టర్. కొలతల ప్రకారం గుడ్డ కత్తిరించి కుట్టేవాళ్ళకు అందించడం ఆయన పని. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"ఐదేండ్లుగా మీ బడికే పంపిస్తాండాం మిస్" అన్నాడు. "ఆడ ఇంగ్లీషు మీడియం స్కూల్లో టెస్టు పెడితే పాపకి లెక్కలే రాలా. మూడో క్లాసులో ఏసుకుంటాం, ఇష్టముంటే చేర్చండి అన్నారు. రెండేండ్లు యెనక్కి! చదువు రాలేదని మాకు ఒక్క మాటన్నా చెప్పుంటే మేమేదో ఒకటి చేసుండేవాళ్ళం కదా?"

విమల గారు నా వైపు చూశారు. నేను తొణకలేదు. నా చేతిలో భార్గవి శుక్రవారం నోటుబుక్కు ఉంది.

ఈ నోటుబుక్కు గురించి కాస్త చెప్పాలి. ప్రోగ్రెస్ కార్డు మూడు నెలలకోసారి ఇంటికి వెళ్తుంది. అందులో 'బి' గ్రేడు చూసి తల్లిదండ్రులు ఫరవాలేదనుకుంటారు. ఏ పాఠం దగ్గర పిల్ల ఆగిపోయిందో ఆ కార్డు చెప్పదు. అందుకని నేను ప్రతి పిల్లకూ ఒక నలభై పేజీల పుస్తకం పెట్టాను. ఎడమ పేజీ నాది. ప్రతి శుక్రవారం అందులో మూడే లైన్లు రాస్తాను. మొదటిది, ఈ వారం ఏం నేర్చుకుంది. రెండోది, ఏది ఇంకా రాలేదు. మూడోది, ఇంట్లో ఏం చేయించాలి. కుడి పేజీ ఇంటివాళ్ళది. చదివి సంతకం పెట్టి, చెప్పాల్సింది ఉంటే ఒక మాట రాయాలి. ముప్పై నలుగురు పిల్లలకు ముప్పై నాలుగు పుస్తకాలు. గురువారం మధ్యాహ్నం మొదలుపెడితే శుక్రవారం ఆఖరి బెల్లుకు పూర్తయ్యేది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి ఒకసారి వాటిని తిరగేసి, "మిగతా బడులవాళ్ళు కూడా ఇది చూడాలమ్మా" అన్నారు. ఆ మాట నేను డైరీలో అండర్‌లైను చేసుకున్నాను.

నోటుబుక్కు తెరిచి ఆయన ముందు పెట్టాను.

"పది శుక్రవారాలు రాశాను. పదింటికీ మీ ఇంటి సంతకం ఉంది. జూలై పన్నెండునే భిన్నాలు రాలేదని రాశాను. పందొమ్మిదిన మళ్ళీ రాశాను. ఆ తర్వాత ప్రతి వారం అదే."

మునిరత్నం పేజీలు తిప్పి భార్య వైపు తిరిగాడు. "ఏందే ఇది? సంతకం నీదే కదా?"

"నాదే."

"సదవకుండానే పెట్టేసినావా?"

"భార్గవి మనసులో సదువుకోని నోటితో చెప్తాది. ఇంటాను, పెడతాను" అంది కస్తూరి, నేల చూపులు చూస్తూ.

"మీరు చదవరా అమ్మా?" అని అడిగాను.

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "నేను సదివింది తమిళంలో మిస్. ఈయన కూడా అంతే. మా ఇంట్లో తెలుగు సదివే వాళ్ళు మా అవ్వతో సరి. మాట్లాడతాం, అంతే. ఇదన్నా సదవాలనే దీన్ని తెలుగు బడిలో ఏసింది."

"జూన్ మీటింగులో నాతో చెప్పి ఉండచ్చు కదమ్మా?"

"ఆ దినం మీరు పుస్తకం చూపించి, మనందరం తెలుగువాళ్ళమే కదా, తెలుగులోనే రాస్తాను అన్నారు. అందరూ తలకాయ ఊపినారు. నేనూ ఊపినాను. తెలుగు బడిలో నిలబడి నాకు తెలుగు రాదని ఎట్టా చెప్పేది మిస్? సిగ్గుగా ఉండింది."

అప్పుడు నేను నోటుబుక్కు నా వైపు తిప్పుకుని కుడి పేజీలు చూశాను. ఆ సంతకం తమిళ అక్షరాల్లో ఉంది. పది వారాలూ తమిళమే. ప్రతి సంతకం పక్కనా నా ఎర్ర టిక్కు ఉంది. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, తమిళం నాకు బాగా వచ్చు. అయినా సంతకం ఉందా లేదా అని మాత్రమే చూశాను. ఈ పేటలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళం మాత్రమే చదివే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, అది నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా, తెలుగు మాట్లాడే ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు ఉంటారని ముప్పై ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాను.

మునిరత్నం ఇప్పుడు కూతురి మీద పడ్డాడు. "అట్టయితే ఇన్ని వారాలు నువ్వేం సదివి చెప్పినావు మీ అమ్మకి?"

"ఉండేదే సదివినా నాయనా" అంది భార్గవి.

"అబద్ధాలు చెప్తాండావా?"

"అబద్ధం ఏం సదవలా. ఒక లైను ఇడిచినా."

విమల గారు నవ్వు ఆపుకోవడానికి ఏదో ఫైలు తెరిచారు.

"ఏ లైను?" అని నేను అడిగాను.

"రెండోది మిస్."

"పది వారాలూనా?"

"రెండోది బాగుంటే సదివేదాన్ని. అది ఒక్కసారి కూడా బాగా లేదు."

కస్తూరి ఉలిక్కిపడినట్టు తలెత్తింది. "మూడోది సదివింది మిస్! దోసెను నాలుగు ముక్కలు చేసి, సగమెంత, పావెంత అని అడగమని రాసుండారంట. చేసినాను. ఎందుకో నాకేం తెలుసు? ఇది నాలుగు ముక్కలు తుంచింది, నాలుగూ తినేసింది."

ఆ మాటకు అందరం నవ్వాం, మునిరత్నం తప్ప. ఆయన కళ్ళు లెటరు మీదే ఉన్నాయి. నేను భార్గవిని పిలిచి జూలై పందొమ్మిది పేజీ తీసి, రెండో లైను పైకి చదవమన్నాను. పిల్ల చేతులు వెనక్కి కట్టుకుంది. తర్వాత తడుముకోకుండా చదివింది: "భిన్నాలను కూడేటప్పుడు పై అంకెలను పైవాటితో, కింది అంకెలను కిందివాటితో కలిపేస్తోంది. అరకు పావు కలిపితే ఆరింట రెండు అని రాస్తోంది."

పిల్ల తన తప్పును తనే అంత స్పష్టంగా చదువుతుంటే కస్తూరి నోరు తెరుచుకుని వింటోంది. లైనులో ఏముందన్న ధ్యాస ఆమెకు ఉన్నట్టు లేదు. కూతురు తెలుగు చదవడమే వింటోంది. ఆ ముఖం చూసి, నేను ఈ ఐదో తరగతిలో ఊరికే కూర్చోలేదు అనిపించింది.

మునిరత్నం మాత్రం లైనునే విన్నాడు. "అరా పావూ కలిపితే ఆరింట రెండా?" అని మెడలో టేపు తీశాడు. "ఏందమ్మే ఇది? అర మీటరు గుడ్డకి పావు మీటరు అతుకు ఏసినాననుకో. గుడ్డ పెరగతాదా, తరగతాదా?"

"పెరగతాది."

"ఆరింట రెండంటే మూడింట ఒకటి. చూడు, ఇంత." టేపు మీద బొటనవేలు పెట్టి చూపించాడు. "అర ఈడుండాది. నువ్వు రాసింది ఆడుండాది, అరకన్నా తక్కువ! గుడ్డకి గుడ్డ కలిపితే పొట్టిదైపోయిందంటే నా కత్తెరకి దెయ్యం పట్టుండాల."

భార్గవి కిసుక్కున నవ్వింది. తర్వాత నవ్వు ఆపి టేపు వైపు వంగి, తండ్రి బొటనవేలు ఉన్నచోట తన వేలు పెట్టి చూసుకుంది. భిన్నాలు నేర్పడానికి నేను కాగితం ముక్కలు కత్తిరించాను, బోర్డు మీద వృత్తాలు గీశాను, దోసె కూడా తుంచమన్నాను. నేను రాసిన రెండో లైను ఈయన చెవిన పడి ఉంటే జూలైలోనే పని అయిపోయేది.

ఆ టెస్టు పేపరు ఉందా అని అడిగాను. జేబులోంచి తీసిచ్చాడు. ఎనిమిది లెక్కల్లో ఆరు భిన్నాలవే. ఆరింటిలోనూ ఒకే తప్పు. మిగతా రెండూ సరిగ్గా చేసింది. పేపరు దిద్దేటప్పుడు మేము మార్కుల కన్నా ముందు దీన్నే చూస్తాం, పిల్ల ఆరు తప్పులు చేసిందా, ఒకే తప్పు ఆరుసార్లు చేసిందా అని.

"మీ పాప రెండేళ్ళు వెనకబడలేదు" అన్నాను. "ఒక్క పాఠం వెనకబడింది. ఆ సంగతి మీకు అందేలా చెప్పకపోవడం నా తప్పు. పిల్ల తప్పును పిల్ల చేతికే ఇచ్చి పంపాను, ఇంట్లో అది చదివి వినిపించే పని దాని మీదే పడింది. నేనైనా ఆ వయసులో ఆ లైను వదిలేసేదాన్నే."

మునిరత్నం వెంటనే మెత్తబడలేదు. "ఆ మాట మీరంటాండారు. ఆడ వేరేగా అన్నారు. ఇంట్లో కూర్చోబెట్టి చూస్తాను. దానికి వస్తే సరి. లేదంటే రేపు టీసీ తీసుకుంటాను" అన్నాడు.

"రేపు బెల్లు కొట్టేలోపు చెప్పండి" అని విమల గారు లెటరును పేపర్‌వెయిట్ కింద పెట్టారు.

ఆ వారం నోటు ఒకరోజు ముందే, అక్కడే కూర్చుని రాశాను. కస్తూరికి ఇస్తూ, "మూడు లైన్లున్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టుకోండి. భార్గవి మూడూ మీ ఇద్దరికీ వినిపించాలి. కుడి పేజీలో మీకు వచ్చిన అక్షరాల్లోనే రాయండి, నేను చదువుకుంటాను" అన్నాను. భార్గవి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పోస్టుమాన్ ఉద్యోగం ఊడిపోయినవాళ్ళు అలాగే చూస్తారేమో.

మరుసటి రోజు ఆగస్టు 30. నేను ఎనిమిదింబావుకే బడికి చేరాను. పిల్లలు రావడం మొదలైంది. ఎనిమిదిన్నర దాటినా గేటు దగ్గర భార్గవి జాడ లేదు. తొమ్మిదికి పది నిమిషాలు ఉందనగా తండ్రీ కూతుళ్ళు నడిచి వస్తూ కనిపించారు. ఇద్దరూ నేరుగా హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను.

"ఆ లెటరు ఇట్టా ఇయ్యండమ్మా" అన్నాడు మునిరత్నం.

విమల గారు పేపర్‌వెయిట్ తీశారు. ఆయన లెటరు అందుకుని నిలువుగా సగానికి మడిచాడు. మళ్ళీ సగానికి మడిచాడు. గోటితో మడత మీద గీసి, విప్పి కూతురి చేతిలో పెట్టాడు. "మిస్‌కి చెప్పు. దీంట్లో అరా పావూ కలిపితే?"

భార్గవి కాగితాన్ని టేబులు మీద పరిచి ఒక మడత లోపలికి పెట్టేసింది. మూడు భాగాలు మిగిలాయి. "నాలుగింట మూడు" అంది. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, "ఆరింట రెండు ఎందుకు కాదంటే, అది అరకన్నా చిన్నది మిస్. కలిపితే చిన్నది కాకూడదు" అంది.

జవాబు ఎవరైనా బట్టీ పట్టించవచ్చు. తన తప్పు ఎందుకు తప్పో పిల్ల తానుగా చెప్పిందంటే పాఠం వచ్చినట్టే. నాకు కావలసింది ఆ రెండో మాటే.

"ఇంక ఇది మాకొద్దు. లెక్కలకి ఉంచుకోండి" అని మునిరత్నం ఆ లెటరు నాకే ఇచ్చి, పనికి ఆలస్యమైందంటూ వెళ్ళిపోయాడు. అది ఇప్పటికీ ఆ ఏటి డైరీలో ఉంది, మడతలతో సహా.

క్లాసుకు వెళ్ళగానే ముందు పిల్లలందరినీ ఒక ప్రశ్న అడిగాను: "మీ ఇంట్లో వాళ్ళు ఏ అక్షరాలు చదువుతారు?" ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ ప్రశ్న అడగడం అదే మొదలు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, ఎవరూ చదవరు అని నాలుగు గడులు గీసి పేర్లు రాసుకున్నాను. తమిళం గడి తెలుగు గడి కన్నా పొడుగైంది. ఎవరూ చదవని ఇళ్ళు ఐదు. ఆ ఐదిళ్ళ వాళ్ళతో శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర నేనే మాట్లాడాలని పక్కన రాసుకున్నాను. నేను రాయడం పూర్తి చేస్తే సమాచారం ఇచ్చినట్టు కాదు, ఇంట్లో వాళ్ళకు అర్థమైతేనే ఇచ్చినట్టు. ఇది నేర్చుకోవడానికి నాకు అంతకాలం పట్టింది. నేర్పింది ఒక పదేళ్ళ పిల్ల, వదిలేసిన లైనుతో.

ఆ తర్వాత భార్గవి నోటుబుక్కు తెరిచాను. కుడి పేజీలో ఉన్నది సంతకం ఒక్కటే కాదు. నాలుగు లైన్లు ఉన్నాయి. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు. పెదవులు కదుపుతూ చదివితే గాని అర్థం కాలేదు.

"మిస్, రెండో లైను ఇన్నాను. ఇంక మీదట అదే ముందు సదవాలని చెప్పినాను. ఇది తెలుగు ఇంత బాగా సదువుతాదని నాకు తెలియదు. కస్తూరి."

ఎర్ర పెన్ను తీశాను గాని టిక్కు పెట్టలేదు. కింద నేను కూడా తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ రాశాను: "మీరు రాసింది చదివాను కస్తూరీ. చాలా సంతోషం." బెల్లు కొట్టారు. అటెండెన్స్ రిజిస్టరు తెరిచి పేర్లు పిలిచాను. ఆ రోజు ముప్పై నలుగురికి ముప్పై నలుగురూ హాజరు.