కోతల పండగ వేలంలో నా కత్తి

మొన్న ఆదివారం చర్చిలో నా కత్తిని నేనే వేలం పాడాను. పైగా ఓడిపోయాను! అప్పుడే నవ్వకండి, ఇంకా మొదలే పెట్టలేదు. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

అసలు నాకు కత్తితో పనేంటి అంటారా? మా హాస్పిటల్ డ్యూటీ రూమ్‌లో టీ టైమ్‌కి తలా ఒక పండు తెచ్చుకుంటాం. కోసుకోడానికి మాత్రం ఏమీ ఉండదు. ఎవరైనా కత్తి తెచ్చిపెడితే రెండ్రోజుల్లో మాయం! ఒకరోజు ఆకలి మీదున్నానేమో, కొత్త సర్జికల్ బ్లేడ్ ప్యాకెట్ చింపేసి జామకాయ కోస్తున్నాను. సరిగ్గా అప్పుడే వచ్చింది మా ఇన్‌చార్జ్ సిస్టర్. ఆవిడ అరవదు, చూస్తుందంతే. "సుజాతా, జామకాయకి ఆపరేషనా?" అంది. రూమంతా గొల్లుమంది. ఇంకోసారి కనిపిస్తే మెమో ఇస్తానని చెప్పి, ఒక ముక్క తీసుకునే వెళ్లింది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "చూస్తూ ఉండండి, ఎవరూ ఎత్తుకుపోకుండా రోజూ బ్యాగులో పెట్టుకు తిరిగే కత్తి ఒకటి కొంటాను" అనేశాను. మా విమలక్క లేదూ, నాతోపాటే డ్యూటీ చేస్తుంది, చర్చి కూడా ఒకటే, ఆవిడ వదుల్తుందా? రోజూ వచ్చి "కొన్నావా? పోనీ చూశావా? పోనీ అనుకున్నావా?" అని ఒకటే గోల.

కొనడమంటే మాటలా! ఫోన్లో వీడియోలు పెట్టుకు కూర్చున్నాను. అబ్బో, కత్తుల గురించి మగాళ్లు ఎంతెంత మాట్లాడతారో! అన్నీ చూసి తేల్చుకున్నదేంటంటే, మడతకత్తి వద్దే వద్దు. మడత సందులో పండు రసం, గింజలు ఇరుక్కుంటాయి. అది ఎలా కడుగుతాం? నర్సు ప్రాణం ఒప్పుకోదు. కాబట్టి మడవని కత్తి, ఫిక్స్‌డ్ బ్లేడ్ అన్నమాట. చూపుడువేలంత ఉండాలి. నిమ్మకాయ కోసినా తుప్పు పట్టకూడదు. గట్టి ఒర ఉండాలి, లోపల పెడితే టిక్కుమనాలి, బ్యాగు తిరగబడ్డా ఊడి రాకూడదు.

ఇందులోకి మా ఆయన ప్రభాకర్ గారు దూరారు. ఆయన ఫరీదాబాద్‌లో, మేముండే చోటే, స్పేర్ పార్ట్స్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ చూస్తారు. ఇంట్లో అప్పడం వంకరగా వేగినా రిజెక్టే! "పిడి చివరిదాకా స్టీల్ ఉందా లేదా చూడు సుజీ, లేకపోతే ఎప్పటికైనా పిడి ఊడి చేతిలోకొస్తుంది" అన్నారు. ఇంకేముంది, నా వీక్లీ ఆఫ్‌లన్నీ ఢిల్లీ కరోల్ బాగ్ బజార్లోనే గడిచిపోయాయి. ఒక షాపతను మోచెయ్యంత కత్తి తీసి, "మేడమ్, జంగిల్ మే బహుత్ కామ్ ఆయేగా" అన్నాడు, అడవిలో బాగా పనికొస్తుందట. "భయ్యా, మా డ్యూటీ రూమ్‌లో జామకాయే తప్ప జంగిల్ లేదు" అన్నాను. మా ఆయనేమో ప్రతి షాపులోనూ జేబులోంచి కాగితం తీసి కోసి చూడటం, అంచు సాఫీగా లేదని తల అడ్డంగా ఊపడం. షాపుల వాళ్లకి మా మొహాలు కంఠతా వచ్చేశాయి.

చివరికి దొరికిందండీ! నల్లపిడి, పొట్టి బ్లేడు, చేతిలో పెట్టుకుంటే నాకోసమే చేశారా అన్నట్టుంది. కాగితం వెన్నలా తెగింది. మా ఆయన "పాస్" అన్నారు. పెళ్లిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా అంత ఇదిగా అనలేదు మనిషి. శనివారం సాయంత్రం కొని, మా ఆయన ఫ్యాక్టరీ వాళ్ల బండి అటే వెళ్తుంటే ఎక్కి ఇంటికొచ్చేశాం. సోమవారం డ్యూటీకి పట్టుకెళ్లి విమలక్క నోరు మూయించాలి. ఆ రాత్రి ఆనందం పట్టలేక ఇంట్లో ఉన్న నిమ్మకాయలన్నీ కోసేశాను.

మధ్యలో ఆదివారం ఉంది కదా, ఆ రోజు మా చర్చిలో కోతల పండగ. మీకు తెలీదేమో, మా ఊళ్లో అయితే కొత్తగా చేతికొచ్చిన పంట తెచ్చి దేవుడికి ఇస్తారు. ఢిల్లీలో మనకి పొలాలెక్కడివి? అందుకని మండీలో కొన్న గుమ్మడికాయలు, అరటిగెలలు, చెరకుగడలు, ఇంట్లో చేసిన కేకులు, ఆవకాయ సీసాలు, ఏది తెచ్చినా సరే, ముందు బల్ల మీద పెడతాం. ఆరాధన అయ్యాక వేలం. వచ్చిందంతా చర్చికే. బేర్ సరాయ్‌లో ఉండి సివిల్స్‌కి చదివే పిల్లలు కూడా ఆవకాయ కోసమని వస్తారు.

నేను స్త్రీల సమాజం సెక్రటరీని కదా, బల్ల సర్దే పని నాదే. తెల్లారే చర్చి వాళ్ల కారొచ్చి నన్నూ, మా ఆయన్నీ, మా గుమ్మడికాయనీ ఎక్కించుకెళ్లింది. చెరకుగడల కట్ట ప్లాస్టిక్ తాడుతో బిగించేసి ఉంది. అందరూ కత్తి కోసం వంటగదిలోకి పరుగెడుతుంటే, నేను నెమ్మదిగా బ్యాగు తెరిచి, టిక్! తాడు తెగింది. "అబ్బా, భలే కత్తమ్మా!" అంది ఎవరో ఆంటీ. నేను పొంగిపోయి కత్తిని ఒరలో పెట్టి, అలా బల్ల మీద గుమ్మడికాయ పక్కన పెట్టాను. ఒక్క క్షణమే. ఇంతలో విమలక్క "సుజాతా, అనౌన్స్‌మెంట్!" అని పిలిచింది. మైకు దగ్గరికి పరుగెత్తాను.

ఆ అనౌన్స్‌మెంటే నా కొంప ముంచింది. పోయినేడు ఒకాయన పెద్ద కేకు తెచ్చి బల్ల మీద పెట్టి, ఫోటోలు దిగి, వేలానికి ముందే సంచిలో వేసుకుని ఇంటికెళ్లిపోయాడు. అది నా కడుపులో అలాగే ఉండిపోయింది. అందుకని గొంతు పెంచి, "దేవుడి బల్ల మీద పెట్టింది దేవుడిదే! ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకునే మాటే లేదు!" అన్నాను. హాలంతా "ఆమెన్!" అంది. పాస్టర్ గారైతే తల కూడా ఊపారు.

ఆరాధన అయ్యింది, వేలం మొదలైంది. పాడించేది సంఘ పెద్ద దేవదానం గారు. ఆయన చేతిలో పడితే వంకాయ కూడా వజ్రమైపోతుంది. గుమ్మడికాయ పోయింది, కేకు పోయింది. తర్వాత ఆయన చెయ్యి పైకి లేచింది. చేతిలో ఏముందనుకున్నారు? నల్లపిడి!

"సంఘమా, చూడండి! పండూ కాయా అందరూ ఇస్తారు. కత్తి ఇచ్చిన విశ్వాసి ఎవరో గానీ, ఏం ఆలోచన! ఏం ఒర! పాడండి, పాడండి!"

లేచి "అయ్యో అంకుల్, అది నాదండీ" అందామని నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది, దేవుడి బల్ల మీద పెట్టింది దేవుడిదే. అన్నదెవరు? నేనే. ఎప్పుడు? ఆ పూటే. తెరిచిన నోరు మూసుకున్నాను. ఇక మిగిలింది ఒకటే దారి. చెయ్యెత్తాను.

"అక్కలవైపు నుంచి వచ్చింది! అన్నలవైపు ఎవరూ లేరా?" అన్నారు దేవదానం గారు. మా చర్చిలో ఆడవాళ్లు ఒకవైపు, మగాళ్లు ఒకవైపు కూర్చుంటారు. నేనేమో ముందు వరుస. వెనకాల ఎవరు చెయ్యెత్తుతున్నారో నాకు కనబడదు. "అన్నలవైపు పెంచారు!" నేను మళ్లీ ఎత్తాను. "అన్నలు తగ్గట్లేదు!" మళ్లీ ఎత్తాను. ఎవడండీ వాడు? ఇంత జనంలో నా కత్తే కావాలా వాడికి? ఆవకాయ కోసం వచ్చిన పిల్లల్లో ఎవడో అయ్యుంటాడని పళ్లు నూరుకున్నాను. దేవదానం గారు మాత్రం మాకేసి మార్చి మార్చి చూస్తూ ఒకటే నవ్వు. వెనక వరుసల్లో కూడా కిసకిసలు. కత్తి మీద నా యావ చూసి నవ్వుతున్నారనుకున్నాను.

కొన్న ధరకి రెట్టింపు దాటిపోయింది. విమలక్క నా చెయ్యి పట్టుకుని కిందకి లాగింది. "చాల్లే సుజాతా, దేవుడి పనేగా, పోనీ" అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజమండీ, ఏడుపొచ్చింది. అన్ని షాపులు తిరిగి కొన్నది, ఒక్క జామకాయన్నా కొయ్యలేదు! చెయ్యి దించేశాను.

"ఒకటోసారి... రెండోసారి... మూడోసారి! ప్రభాకర్ గారికి!"

గిర్రున వెనక్కి తిరిగాను. గుమ్మం దగ్గర మా ఆయన, రెండు చేతులూ పైకెత్తి, చెమటలు కక్కుతూ, కప్పు గెలిచినవాడిలా నవ్వుతున్నారు. హాలు పగిలిపోయింది నవ్వుల్తో.

"నువ్వు మర్చిపోయి బల్ల మీద పెట్టేశావని, పోకుండా కాపాడదామని పాడాను సుజీ. గుమ్మం దగ్గర్నుంచి నాకు కొంగు ముసుగులే కనిపించాయి, ఎవరో ముందు వరుసలో ఆవిడ వదల్దే! ఎంత మొండిదో!" అన్నారు బయటికొచ్చాక.

"ఆ మొండిది నేనేనండీ!"

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. తిట్టుకోడానికి కూడా ఓపిక లేక వేలంలో కొన్న అరటిపళ్లూ, కత్తీ ఒకే సంచిలో వేసుకుని మెట్రోకి బయల్దేరాం. చర్చి వాళ్ల కారు అప్పటికే వెళ్లిపోయింది.

స్టేషన్లో చెకింగ్ మెషిన్లోంచి సంచి సగం బయటికొచ్చి ఆగింది. స్క్రీన్ ముందు కూర్చున్న సెక్యూరిటీ ఆవిడ చెయ్యెత్తింది. "యే చాకూ కిస్‌కా హై?" అంది, ఈ కత్తి ఎవరిదని. పొద్దున్నంతా ఆ కత్తి నాకంటే నాకని పోటీపడి పాడుకున్నవాళ్లం కదా, ఒక్కసారిగా నేను ఆయన్ని చూపించాను, ఆయన నన్ను చూపించారు.

"కహాఁ సే లాయే?" అంది, ఎక్కణ్నుంచి తెచ్చారని. మా ఆయన భయంలో నిజం చెప్పేశారు, చర్చిలో కొన్నామని. ఆవిడ ఇంకొకామెని కూడా పిలిచింది. "సున్, చర్చ్ మే చాకూ బిక్ రహా హై!" చర్చిలో కత్తులు అమ్ముతున్నారట! వెనక లైనంతా తొంగి చూస్తోంది. లోపలికి తీసుకెళ్లడం కుదరదు, బయట పెట్టేసి రండి అంది.

అప్పుడు వెలిగిందండీ నాకు. నేను రోజూ డ్యూటీకి వెళ్లేది ఈ మెట్రోలోనే! పిడి చూశాను, బ్లేడు చూశాను, తుప్పు చూశాను, టిక్కుమనడం కూడా చూశాను. రోజూ దాటాల్సిన ఆ మెషిన్ ఒక్కటే గుర్తు రాలేదు. మా క్వాలిటీ చెకింగ్ మహానుభావుడికీ రాలేదు. ఆయన నెమ్మదిగా, "రిజెక్ట్" అన్నారు.

ఆటోవాళ్లు ఫరీదాబాద్ పేరు చెప్తే ఆగను కూడా ఆగలేదు. చేసేదేముంది, మళ్లీ చర్చికే నడిచాం. దేవదానం గారు తాళం వేస్తున్నారు. కత్తి చేతికిస్తే, "ఇదేంటమ్మా, ఇప్పుడేగా కొన్నారు?" అన్నారు.

"కానుకండీ" అన్నాను, తల దించుకుని.

ఆయన కళ్లు తుడుచుకున్నారు, పాపం. వచ్చే ఏడు వేలంలో మొదట ఇదే పెడతానన్నారు.

సోమవారం డ్యూటీ రూమ్‌లో యాపిల్ పండు పళ్లతో కొరుక్కు తింటున్నాను. విమలక్క వచ్చింది. "ఏదీ నీ కత్తి? అంత పెట్టి పాడుకున్నారుగా!" అంది. దేవుడికి ఇచ్చేశామని చెప్పాను. "మళ్లీనా! ఒకే కత్తి రెండుసార్లు ఇచ్చావా? ఎంత భక్తే నీది!" అంది.

"భక్తి కాదక్కా," అన్నాను, "మొదటిసారి తెలియక ఇచ్చాను, రెండోసారి దారిలేక ఇచ్చాను."