మా ఒర్రె మడి మీద స్టేటస్ కో

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, మార్గశిరం మొదట్లో ఒక బేస్తవారం, పొద్దున తొమ్మిది గంటల మంథని బస్సు మా ఊరి మలుపు దగ్గర ఆగి అందులోంచి కోర్టు అమీను దిగిన ఆ గడియలోనే మా పొలంలోకి ఒక పరాయి భాష కాలు పెట్టింది. అది ఏ భాషో నాకు తెలిసింది మాత్రం మొన్ననే.

నలభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని కాబట్టి పేపరు చదవడం నాకు ఒక పూట పని. వేలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పోతుంటే, ఎక్కడిదో భూమి తగాదా వార్తలో 'స్టేటస్ కో' అన్న మాట, ఆనాడు మా మడి దగ్గర విన్నదే, కనబడింది. కరీంనగర్‌లో వకీలు చదువు చదువుతున్న మనవరాలు పండక్కి వచ్చి ఇంట్లోనే ఉంది. ఇది ఇంగ్లీషేనా బిడ్డా అని అడిగితే, కాదు, లాటిన్ అంది. ఆ లాటిన్ వాళ్లు ఎక్కడుంటారు అంటే, ఇప్పుడు ప్రపంచంలో ఏ తల్లీ తన బిడ్డతో ఆ భాషలో మాట్లాడదు, అది రాతలోనే మిగిలింది అని చెప్పింది. అప్పటినుంచి నాకు ఒకటే పరేషాన్. మా భూమి కాగితాల్లో నిజాం నాటి మాటలు ఎటూ ఉన్నాయి. ఇంగ్లీషు వాడు పోయినా వాడి కోర్టు పోలేదన్నదీ ఎరిగిందే. ఆ కోర్టు లోపల ఇంకా పాతది, ఎవరూ మాట్లాడనిది మరో భాష కూర్చుని ఉందనీ, స్వతంత్రం వచ్చి ముప్పై ఏళ్లు దాటాక కూడా మా వరి కోత ఆపమని చెప్పింది అదేననీ నేను ఎట్లా అనుకుంటాను?

ఆ మడి సంగతి చెప్పాలి. మా మామ, ఆయన అన్న ఇద్దరూ నోటి మాట మీద భూములు పంచుకున్నారు. ఊరి పక్క ఒర్రెను, అంటే చిన్న వాగును, ఆనుకుని ఉన్న ఆ మడి మాత్రం ఎవరి పాలన్నది తేల్చకుండానే ఇద్దరూ కాలం చేశారు. ఆ తర్వాత మామ అన్న కొడుకు, అంటే మా బావ, అది తనదన్నాడు. మా ఇంటాయన తనదన్నాడు. ఇద్దరూ చెరో వకీలును పెట్టుకున్నారు. అయినా వ్యవసాయం ఆగుతుందా? ఆ యేడు నారు పోసింది వాళ్లు, నాటు వేసింది మేము. నారు మాది గనుక పంట మాదని వాళ్లు, నాటు మాది గనుక మాదని మేము. అందుకే ఆ బేస్తవారం ఇద్దరమూ కూలీలను పిలుచుకుని, కొడవళ్లతో మడి దగ్గరికి వచ్చి నిలబడ్డాం. మాకు ఏడాది పొడుగునా తిండి అంటే ఆ మడి వడ్లే. మిగిలిందంతా మెట్ట చెలక, దాంట్లో జొన్న తప్ప ఏదీ కాదు. వాళ్లకూ అంతే.

అమీను పట్వారీని వెంటబెట్టుకుని వచ్చాడు. పట్వారీ కాగితం చదివాడు, 'స్టేటస్ కో' అన్న మాట దగ్గర ఆగాడు, మళ్లీ చదివి అమీను మొహం చూశాడు. అమీను అన్నాడు గదా, "ఏది ఎట్లున్నదో అట్లనే ఉండాలె. ఎవ్వలు ఏం కదిలియ్యద్దు." అంతే చెప్పి చెట్టు నీడకు పోయి బీడీ ముట్టించాడు.

మా ఇంటాయన అప్పుడే మడిలో నీళ్లు తీయడానికి గట్టుకు గండి పెట్టబోతున్నాడు. పార దించేశాడు. నీళ్లు ఉన్నాయి గనుక నీళ్లు ఉండాల్సిందే. అంతలో బావ వాళ్ల బర్రె ఒర్రె దాటి వచ్చి మడి మూలన మేయడం మొదలుపెట్టింది. మా ఇంటాయన కట్టె లేపాడు. బావ గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే, మెల్లగా అన్నాడు: "ముట్టకు తమ్మీ. కోర్టు మాట ఇన్నవు గద. బర్రె ఎట్లున్నదో అట్లనే ఉండాలె."

"అట్లయితే నీ బర్రె ఆకలి గూడ ఎట్లున్నదో అట్లనే ఉండాలె గదనే" అని కూలీల్లో ఒక ముసలామె అంటే అందరూ నవ్వారు. మా ఇంటాయన మాత్రం నవ్వలేదు, కట్టె కింద పడేశాడు. కోర్టుకు ఆయన అంత భయపడతాడని నాకు అప్పటిదాకా తెలియదు. బర్రె కడుపు నిండా మేసి దానంతట అదే ఇంటికి పోయింది.

మర్నాడు ఇద్దరూ చెరో బస్సులో మంథనికి పోయి వకీళ్లను అడిగారు. మనదే గెలుపు, పొలం మన కబ్జాలో ఉంది గనుక అట్లాగే ఉంటుంది అని మా వకీలు చెప్పాడట. వాళ్ల వకీలూ అక్షరం పొల్లు పోకుండా అదే చెప్పాడట. మా ఇంట్లో బూరెలు చేశాం, వాళ్లింట్లో కోడిని కోశారు. ఒకే గోడకు ఈ పక్కనా ఆ పక్కనా పండగ. ఇద్దరూ గెలిస్తే ఓడినవాడు ఎవడని ఒకళ్లూ అడగలేదు. నేనూ అడగలేదు, బూరెలు వండుతూ కూర్చున్నాను.

వారం దాటేసరికి ఓడింది వరి అని తెలిసింది. కంకి బరువుకు ఒరిగి నీళ్లలో పడింది. పగలు చిలుకలు, పొద్దుగూకితే పందులు. వాటిని కొట్టడం కదిలించడం అవుతుందా కాదా అని మగవాళ్లకు ఒక అనుమానం. నేను పోయి ఒక కంకి చేతిలోకి తీసుకుంటే గింజ చివర తెల్లటి మొలక. గట్టు మీద కూలబడిపోయాను. పిల్లలకు ఏం వండిపెట్టాలి అన్న ఆలోచన తప్ప ఇంకేదీ లేదు.

అవతలి గట్టు మీద మా యారాలు, అంటే బావ భార్య, ఎప్పటినుంచి నిలబడి ఉందో. కేసు వేసినప్పటినుంచి మాకు మాటల్లేవు. ఆమే ముందు నోరు విప్పింది.

"చూస్తున్నవా చెల్లె, వడ్లు మొలకలెత్తుతున్నయ్."

"నేనేం జెయ్యాలె అక్క, కోర్టోళ్లు ముట్టద్దన్నరు గద."

"ముట్టద్దన్నది మొగోళ్లను. కేసుల వాళ్ల పేర్లే ఉన్నయ్. మన పేరు ఎవ్వడు రాసిండు? నువ్వు ఒక్కదానివి కోస్తె మేం కోర్టుల చెప్తం, నేను ఒక్కదాన్ని కోస్తె మీరు చెప్తరు. ఇద్దరం కోస్తె ఎవ్వలు పోయి ఎవ్వల మీద చెప్తరు?"

ఆ మాట న్యాయమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. మనవరాలిని అడిగితే అదీ తలగోక్కుంది. మేము మాత్రం కొంగులు దోపుకుని నీళ్లలో దిగాం. మగవాళ్లిద్దరూ వచ్చి, చెరో గట్టు మీద మాకు వీపు తిప్పి కూర్చున్నారు, చూడకపోతే సాక్ష్యం ఉండదని. తడిసిన వడ్లు కల్లంలో ఆరబోసి, వాళ్లకో కుంచం మాకో కుంచం యారాలే కొలిచింది. కొంత ముక్కిపోయింది, అయినా తిన్నాం.

మరుసటి యేడు నాట్లప్పుడు, ఏది ఎట్లున్నదో అట్లనే అన్నారు గనుక నారు వాళ్లే పోయాలి, నాటు మేమే వేయాలి, ఇద్దరు ఆడవాళ్లు కలిసి కోయాలి అని ఊళ్లో తేల్చేశారు. అదే ఉత్తర్వు అనుకున్నాం. కేసు మంథని నుంచి కరీంనగర్ పోయింది, వకీళ్లు మారారు, పట్వారీల కొలువులే పోయాయి. మేము మాత్రం ఏడాదికి రెండు కార్లు, వానాకాలం పంటా యాసంగి పంటా, పక్కపక్కనే ఒకే మునుం పట్టుకుని కోశాం. ఆమె బిడ్డ పెళ్లి సంగతి, నా గర్భం పోయిన సంగతి, ఎవరికీ చెప్పనివన్నీ ఆ వరుసల మధ్యే చెప్పుకున్నాం. మగవాళ్లు కోర్టు మెట్ల మీద పగవాళ్లు. వాళ్ల సద్దులు మాత్రం పొలానికి మేము ఒకే గంపలో మోసుకుపోయేవాళ్లం.

తొంభైల్లో, నేను అక్షరాల బడికి పోతున్న రోజుల్లో, తీర్పు వచ్చింది. మడి మొత్తం మాదే అని. మా ఇంటాయన ఊరంతా మిఠాయి పంచాడు. ఆ కారు కోతకు యారాలు రాలేదు. నేను ఒక బస్తా వడ్లు బండి మీద వేయించుకుని వాళ్లింటికి పోయాను. ఆమె కోపంగా ఏమీ లేదు, మంచినీళ్లు ఇచ్చింది, పక్కన కూర్చుంది. "మాది గాదని తేలినంక ఎట్ల తింటం చెల్లె, తీస్కపో" అంది. బండి మళ్లీ ఇంటికే వచ్చింది. మరుసటేడు వాళ్లు కొడుకు దగ్గరికి మంచిర్యాల పోయారు.

ఇప్పుడు కోతకు మిషన్ వస్తుంది, పొద్దున మొదలుపెడితే అన్నం వేళకు మడి ఖాళీ. కాగితాలు తెలుగులో వస్తున్నాయి, నేనే చదువుకోగలను. అన్నీ అర్థమవుతున్నాయి. అర్థం కాని మాట ఒకటి మా ఇద్దరినీ పదిహేనేళ్లు ఒక వరుసలో నిలబెట్టిందనీ, అర్థమయ్యే తీర్పు వచ్చి విడదీసిందనీ అనుకుంటే మాత్రం నా బుర్ర తిరుగుతుంది. గెలిచామా, ఓడామా?

ఆ బేస్తవారం మడి దగ్గర ఉన్నవాళ్లెవరో చెబుతాను. కోర్టు అమీను, ఆయన పేరు ఎవరమూ అడగలేదు. పట్వారీ, కాలం చేశాడు. నవ్వించిన ముసలామె, ఆమె వెంట వచ్చిన కూలీలు, వాళ్లలో సగం మంది లేరు. మా బావ, లేడు. మా ఇంటాయన, ఆయనా లేడు. గట్టుకు ఆవల కొడవలి పట్టుకుని మా యారాలు. ఈవల నేను.