మాస్టారు లాగేసిన రగ్గులు

మా సైన్సు మాస్టారు పోయారు. మొన్న జ్యేష్ఠమాసపు ఎండలో ఊరవతల గమ్హరియా నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, మా భాలుబాసా బస్తీలో తన ఇంటి గుమ్మంలోనే పడిపోయారట. సాయంత్రానికి అంతా అయిపోయింది. కబురు విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పోయినందుకే కాదు, పోయిన తీరుకు.

డెబ్బైల్లో మాకు ఉష్ణం పాఠం ఆయనే చెప్పారు. చలికాలం పొద్దున ఒక చెయ్యి చెక్కబల్ల మీద, రెండోది కిటికీ ఊచ మీద పెట్టమన్నారు. ఊచే చల్లగా ఉందని అరిచాం.

"రెండూ రాత్రంతా ఈ గదిలోనే ఉన్నాయి కదరా! ఇనుం నీ సేతిలో వేడి గబగబా లాగేత్తంది, కర్ర నెమ్మదిగా లాగుతాది. సల్లదనం అనీది వేరే ఏటీ లేదు, వేడి ఎల్లిపోడమే" అన్నారు.

పొట్టకూటికి ఇక్కడికి వలసొచ్చిన ఉక్కు కార్ఖానా కూలీల పిల్లలం, ఇనుము సంగతి మాకు తెలియనిదేముందని విర్రవీగేవాళ్లం. ఆ రోజుతో కాస్త పొగరు దిగింది.

మా వాళ్లలో ఒక అలవాటుంది, మీరూ చూసే ఉంటారు. జ్వరంతో వణికే మనిషికి తలుపులు మూసి రగ్గు కప్పేస్తారు. ఓ వేసవిలో మా తమ్ముడి ఒళ్లు కాలిపోతుంటే నాయనమ్మ అదే చేసింది. చూడ్డానికొచ్చిన మాస్టారు రగ్గు లాగేశారు.

"ఏటమ్మా, కుర్రోడిని ఇడ్డెన్లా ఉడకబెడతన్నావా? వేడి బయటికెల్లడానికి దారేదీ?"

తడిగుడ్డతో వాడి ఒళ్లు తుడిచి, విసనకర్ర అందుకున్నారు. "సన్నిపాతం కమ్మితే ఆ పాపం నీదే" అని నాయనమ్మ శాపనార్థాలు పెట్టింది. తమ్ముడు బతికాడు. తర్వాత జ్వరమొచ్చిన ఇళ్లలో కొందరు ఆయన్ని పిలిపించుకునేవారు, కొందరు ఆయనకు తెలియకుండా తలుపులేసుకునేవారు.

నేను వెళ్లేసరికి ఆయన్ని మంచుదిమ్మల మీద పడుకోబెట్టారు. మేమంతా పిన్నీ అని పిలిచే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

"లూ లగ్ గయీ, వడదెబ్బ తగిలేసిందని పక్కింటాయన డాక్టరు కోసం పరిగెత్తాడు. ఈయన ఒనికిపోతన్నారు. సూల్లేక కిటికీలు మూసీసి, రగ్గు కప్పీసినాను. ఏదో సెప్పబోయినారు, మాట రాలేదు. సేత్తో రగ్గు తోసీబోతే నానే మల్లీ కప్పినాను. నువ్వు ఆయన దగ్గర సదూకున్నోడివి, నిజం సెప్పు బాబూ, నానే సంపీసినానా?"

ఊరందరి రగ్గులూ లాగేసిన మనిషికి తన రగ్గు తోసుకునే బలం లేకపోయింది.

"లేదు పిన్నీ. ఎండ అప్పటికే ఆయన్ని తినేసింది. రగ్గేం చేస్తుంది?" అన్నాను. కొంత నిజమే కావచ్చు. కానీ ఆయన శిష్యుడిగా నాకు తెలిసినంతలో అది అబద్ధం.

పిన్ని నా చెయ్యి వదిలేసింది. ఇంతలో పెద్దలు కొత్తబట్ట విప్పి మాస్టారి మీద కప్పబోయారు. ఆవిడ ఒక్క ఉదుటున లేచి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఒద్దు. కప్పకండి."

బట్టను నాలుగు మూలలా పట్టుకున్న మనుషులు అలాగే నిలబడిపోయారు.