టపాకాయలతో స్వాగతం

రిటైర్మెంటు ఇంకా ఏడాది ఉందనగా, ఒక వేసవిలో నన్ను శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి తీరంలోని ఒక మత్స్యకార గ్రామానికి పదిహేను రోజుల డిప్యుటేషన్ మీద పంపారు. నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మానసిక వైద్యంలో మందులు రాసేది డాక్టరు, రోగితోనూ ఇంటివాళ్లతోనూ కూర్చుని మాట్లాడేది మేము. గౌరవం కూడా ఆ వరుసలోనే ఉంటుంది.

ఆ ఊరి మగవాళ్లు కొందరు వేట గిట్టక విదేశానికి వెల్డింగు పనికి వెళ్లారు. అక్కడ యుద్ధం వచ్చింది. బాంబులు పడుతుంటే నేలమాళిగలో రోజుల తరబడి దాక్కుని, చివరికి ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లకు మనోధైర్యం కలిగించడం నా పని.

స్వాగత సభకు ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. ఫ్లెక్సీ మీద వచ్చినవాళ్ల ఫొటోలు చిన్నవి, వాళ్లని వెనక్కి రప్పించామన్న నాయకుల ఫొటోలు పెద్దవి. నా ప్రసంగం, యుద్ధ బాధితులతో మృదువుగా మెలగడం గురించి. రోడ్డు పక్కన ఎవరో టపాకాయల సరం పరుస్తుంటే చూశాను. వేదిక మీద నాకు వెనక వరుసలో కుర్చీ వేశారన్న ఉక్రోషంలో ఉండి పట్టించుకోలేదు.

బస్సు ఆగగానే సరం అంటించారు. దిగినవాళ్లు దిగినట్టే నేలమీద పడి చెవులు మూసుకున్నారు. ఎర్రయ్య అనే ముప్పై ఏళ్లవాడు బస్సు కిందకి దూరాడు. జనం నవ్వారు. అతన్ని బయటికి లాగి, దుమ్ము దులిపి, దండ వేసి ఫొటో తీశారు. ఆ తర్వాత నేను మృదుత్వం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాను.

మర్నాటి నుంచి ఎర్రయ్య గది దాటలేదు. ఊళ్లో అప్పటికే 'బస్సెర్రయ్య' అని పేరు పడిపోయింది. నా దగ్గర ఇరవై ప్రశ్నల ఫారం ఉంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం ఎక్కువ వస్తేనే పెద్దాసుపత్రికి పంపాలి. తలుపు బయట నిలబడి ఇరవై ప్రశ్నలూ చదివాను. జవాబు రాకపోతే సున్నా వేయమని సూచన. వేశాను. ఆ లెక్కన ఊరందరిలోకీ ఆరోగ్యవంతుడు ఎర్రయ్యే.

ఇంతలో అమ్మవారి సంబరం దగ్గరపడింది. కొడుకు బతికొస్తే సంబరంలో పెద్ద సరం కాల్పిస్తానని ఎర్రయ్య తల్లి నీలమ్మ మొక్కుకుంది. నేను వద్దన్నాను.

"అమ్మోరికి మాటిచ్చీసినాను బాబూ. ఇచ్చిన కొడుకుని మల్లీ ఎనక్కి తీసీసుకుంటే నువ్వు తెచ్చిత్తావేటి?" అంది.

ఆ ప్రశ్నకు నా ఫారంలో గడి లేదు. కాలిస్తే కుర్రాడి మతి పోతుందని నా భయం, కాల్చకపోతే కుర్రాడే పోతాడని ఆమె భయం. కులపెద్దనీ పూజారినీ ఆమె అరుగు మీదే కూర్చోబెట్టి మూడు రోజులు తర్జనభర్జన పడ్డాం. పొట్టి సరం, ఊరి బయట సరం, ఎర్రయ్య చెవుల్లో దూది. దూది నా సలహా.

మూడో రోజు తలుపు వెనక నుంచి ఎర్రయ్య గొంతు వినిపించింది. "ఓలమ్మా, ఏ పూట కాలుస్తారో ముందు సెప్పండి. మావతో బోటెక్కి సంద్రం లోపలికి ఎల్లిపోతాను. మొన్న సెప్పకుండా కాల్సీసినారు, అదే నా బాద."

నాకు సిగ్గేసింది. సంబరం రోజు వేటకు వెళ్లడం కట్టుబాటుకు విరుద్ధం. వల లేకుండా వెళ్తే అది వేట కాదని కులపెద్ద అరనిమిషంలో తీర్పిచ్చాడు. మొక్కు తీరింది. ఎర్రయ్య మేనమామతో కలిసి చప్పుడు వినపడనంత దూరం వెళ్లి, సాయంత్రం ఖాళీ బోటుతో తిరిగొచ్చాడు. ఆ రోజే ఫారం మీద నా సున్నాలు కొట్టేసి, అతన్ని పెద్దాసుపత్రికి పంపాను. నిద్ర కుదుటపడటానికి నెలల తరబడి మందులు వాడాల్సి వచ్చింది.

నిపుణుల పర్యవేక్షణలో సమస్య పరిష్కారమైందని పైవాళ్లు నివేదికలో రాశారు. ఆ నిపుణుణ్ణి నేనే. ఉద్యోగంలో మిగిలిన ఆ కొద్ది నెలలూ, ఫారం తీసేముందు ఎదుటి మనిషిని నీకేం కావాలని అడిగాను. చాలామంది చెప్పారు. అంతకు ముందు ముప్పై ఏళ్లూ వాళ్లు చెప్పలేక కాదు, నేను అడగలేదు.