మస్తాన్ గుంతలో ఎవరి మొక్క?

1984 ఎండాకాలం. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీ. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ గుమాస్తాని. అంటే సిబ్బంది చేరికలు, సెలవులు, ప్రమోషన్లు, అన్నీ నా బల్ల మీదుగా పోవాల్సిందే. ఇప్పుడు యూనివర్సిటీల వాళ్ళు గ్రీన్ హెచ్.ఆర్. అని, అంటే ఉద్యోగుల చేత పచ్చదనం కాపాడించడమని, సెమినార్లు పెడుతుంటే నాకు నవ్వాగదు. ఆ పేరు తెలీకుండానే మేం ఆ పని చేశాం. ఎంత గోల చేశామో కూడా చెప్తా వినండి!

మా కరస్పాండెంట్ గారు, అంటే యాజమాన్యం తరపున కాలేజీ నడిపే పెద్దాయన, ఒక రూలు పెట్టాడు. లెక్చరరైనా అటెండరైనా చేరిన రోజు ఆవరణలో ఒక మొక్క నాటాలి. పక్కన పేరు రాసిన రేకు పాతాలి. హాస్టల్లో చేతులు కడిగిన నీళ్ళు మోసుకొచ్చి ఎవరి మొక్కకు వాళ్ళే పోసుకోవాలి. ప్రొబేషన్, అంటే పనితీరు చూసే గడువు, తీరేనాటికి మొక్క బతికుంటేనే ఉద్యోగం ఖాయం.

ఫిజిక్స్ ల్యాబు అటెండరు మస్తాన్‌కి ఆ గడువు తీరబోతోంది. వాళ్ళ నాన్న లారీ మెకానిక్కు, చెయ్యి విరిగి ఇంట్లో ఉన్నాడు. ఇల్లంతా ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది. తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం మస్తాన్ రొప్పుతూ వచ్చాడు.

"సార్, కొంప మునిగింది! మేకలు పడి నా వేపమొక్కని నమిలేసినయ్యి."

"తుమ్మకంప కట్టావు గదరా?"

"గాలికి లేచిపోయింది సార్. ఇంకోటి తెచ్చి పెట్టమంటారా?"

"చాల్లే, దొంగపని. ఉన్నదున్నట్టు చెప్పు" అని కసిరాను. అన్నానే గానీ వీడి ఉద్యోగం పోతే ఆ ఇంటి గతేంటని ఇంటికెళ్ళేదాకా అదే ఆలోచన.

మర్నాడు పొద్దున్నే మా పెరట్లో కానుగమొక్కని పెకలించి, గోనెసంచిలో చుట్టి, సైకిలు మీద కాలేజీకెళ్ళాను. అయ్యబాబోయ్! మస్తాన్ గుంతలో అప్పటికే ఒక వేప, ఒక గన్నేరు ఉన్నాయి. మేకల సంగతి వాళ్ళ చెవినా పడ్డట్టుంది, లైబ్రేరియన్ సుబ్బమ్మ గారూ, వాచ్‌మన్ కోటయ్యా మట్టి చేతులతో నిలబడి దిక్కులు చూస్తున్నారు. నాదీ అందులోనే పెట్టేశా. ఇంతలో మస్తాన్, ఆ వెనకే కరస్పాండెంట్ గారు!

"ఏందయ్యా ఇది, గుంతా సంతా? మస్తాన్, నీదేదిరా?"

మేమంతా కళ్ళతోనే వేప చూపిస్తున్నాం. వాడు మాకేసి చూడనైనా లేదు.

"ఏదీ నాది కాదు సార్. నాది మేకలు తిన్నయ్యి. ఇయ్యి ఎవరు పెట్టారో తెలవదు."

"వేప నాదండీ" అన్నారు సుబ్బమ్మ గారు. "గన్నేరు నాది బాబూ" అన్నాడు కోటయ్య. ఇక దాచేదేముంది, "కానుగ నాదండీ" అన్నాను.

"ఓరి నీ! రూలు టైపు చేసిందే నువ్వు గదయ్యా!"

ఆయన పకపకా నవ్వాడు. తర్వాత నాకేసి తిరిగాడు. "పేర్ల రేకులన్నీ పీకించు. వీటిని విడదీసి నాటండి, నీళ్ళు అందరూ పొయ్యండి. వీడికి ఆర్డరు కొట్టు."

చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తి టైపు కొట్టాను. కాగితం నిండా నా వేళ్ళ మట్టే. మళ్ళీ కొడతానంటే, వద్దని ఆయన దానిమీదే సంతకం పెట్టాడు. మస్తాన్ ఏడ్చేశాడు, నాకూ చానా సంతోషమేసింది.

రూలు పెడితే మనిషి తన మొక్కకు నీళ్ళు పోస్తాడు, అంతే. పక్కవాడి మొక్క ఎండుతుంటే బకెట్టు పట్టుకుని పరిగెత్తడం అలవాటు కావాలి. అది నాకు ఆ గుంత దగ్గరే తెలిసింది. ఇప్పుడు ఆ కానుగ నీడన పిల్లలు సైకిళ్ళు పెడుతున్నారు. ఎవరు నాటారని అడిగితే మస్తాన్ "మేమే" అంటాడు. నేనూ అదే అంటాను.