రెండు నాలుగో పేజీలు

ఆ ఫోను వచ్చినప్పుడు నేను ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తున్నాను. పాకాల దగ్గర పాలకేంద్రంలో మా ప్యానెల్ బిగిస్తున్న ఎలక్ట్రీషియన్‌కు షాక్ కొట్టిందట, చిత్తూరు ఆసుపత్రికి తీసుకెళ్లారట.

"మనిషి ఉన్నాడా?" అన్నాను.

"ఉన్నాడు మేడం. చెయ్యి కాలిపొయినాది," అన్నాడు అక్కడి సూపర్‌వైజర్. "మీ డ్రాయింగ్ సూసి, మెయిన్ ఆపినాకనే ముట్టుకున్నాడు."

రేణిగుంట దగ్గర ఒక చిన్న కంపెనీలో నేను ఎలక్ట్రికల్ డ్రాయింగులు గీస్తాను. మోటార్లను, పంపులను నడిపే ఇనుప ప్యానెళ్లు మేం తయారు చేస్తాం. ఏ వైరు ఎక్కడికి పోవాలో కాగితం మీద చూపించడం నా పని. ప్రతిసారీ మొదటి నుంచి గియ్యం. పాత పని ఫోల్డరు కాపీ చేసి, పేరు మార్చి, తేడా ఉన్నచోట దిద్దుతాం. ఎనిమిదేళ్లుగా అలాగే చేస్తున్నాను. చురుగ్గా చేస్తానని పేరు కూడా ఉంది.

ఫోను పెట్టేసి పాలకేంద్రం ఫోల్డరు తెరిచాను. అందులో నాలుగో పేజీలు రెండున్నాయి. ఒకటి పాత పని నుంచి వచ్చింది. దాని ప్రకారం మెయిన్ స్విచ్ ఆపితే ప్యానెల్లో ఎక్కడా కరెంటు ఉండదు. రెండోది నేను ఈ పని కోసమే గీసింది. ఇక్కడ జనరేటర్ నుంచి వేరే లైను వస్తుంది కాబట్టి, మెయిన్ ఆపినా అలారం వైర్లలో కరెంటు ఉంటుంది. దానికి "నాలుగు కొత్తది" అని పేరు పెట్టి, పాతదాన్ని తీసెయ్యడం మరిచిపోయాను. ప్రింటు తీసినవాళ్లు పాతదే తీశారు. రెండింటి కింద మూలన, గీసినవారు అన్నచోట, నా పొడి అక్షరాలే ఉన్నాయి.

మర్నాడు చిత్తూరు బస్సెక్కాను. ఆసుపత్రిలో ఉన్న ఆ ఎలక్ట్రీషియన్‌కు యాభై ఏళ్లుంటాయి. కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. పక్కన భార్య కూర్చుని ఉంది.

"అన్నా, ఆ డ్రాయింగ్ గీసింది నేనే," అన్నాను.

ఆయన కట్టున్న చెయ్యి సర్దుకుని నా వైపు తిరిగాడు. "మీ కాగితాలతో ఆరు ప్యానెళ్లు బిగించినానమ్మా. ఒక్క తప్పు రాలేదు. అందుకే టెస్టర్ జేబులో నుంచి తియ్యలే. నీ కాగితాన్ని నమ్మినా."

తిడతాడని సిద్ధపడి వెళ్లాను. ఈ మాటకు సిద్ధపడలేదు.

"రెండు వేళ్లు ఇంగ ముడుసుకోవంట," అంది ఆయన భార్య, నా వైపు చూడకుండా. "అది కూడా రాసుకో నీ కాగితంలో."

ఆఫీసుకు వచ్చి మా యజమానికి జరిగింది జరిగినట్టు చెప్పాను. పాత పనులన్నీ వెతకమన్నాడు. వెతుకుతున్నకొద్దీ ఇలాంటివే బయటపడ్డాయి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్". ఒకే నంబరు మీద వేర్వేరు బొమ్మలు. జనరేటర్ లైను ఉన్న ప్రతి చోటికీ ఫోను చేశాను. తడ దగ్గర ఫ్యాక్టరీలో ఒక పెద్ద ఎలక్ట్రీషియన్ ఎత్తాడు. వాళ్లకు పంపిన పేజీ తప్పని చెప్పాను.

"అది తప్పని మాకు ఎప్పుడో తెలుసునమ్మా. ప్యానెల్ తలుపు లోపల సుద్దతో రాసిపెట్టుకున్నాము, ఆపినా కరెంటు ఉంటాదని."

"మాకెందుకు చెప్పలేదన్నా?"

"మీరు గీసిందే కదా, మీకు తెలీకుండా ఉంటాదా అనుకున్నాము."

చెప్పి ఉంటే అని ఆయన్ని అనడానికి నాకేం హక్కుంది?

తర్వాతి రెండు నెలలు కొత్త పనులు పక్కనపెట్టి అన్ని పనులకూ ఆధారమయ్యే ఒక మూల ఫోల్డరు కట్టాను. వచ్చే కరెంటుకు వంద నుంచి, మోటార్లకు రెండొందల నుంచి, బయటి నుంచి వచ్చే వేరే లైన్లకు మూడొందల నుంచి పేజీ నంబర్లు. వేరే లైను లేకపోతే ఆ పేజీ తీసెయ్యకూడదు, "లేదు" అని దాని మీదే రాయాలి. ఒక పనిలో ఒక నంబరుకు ఒకటే పేజీ. పాతబడింది వేరే ఫోల్డరులోకి పోవాలి. సంతకం చోటు ఖాళీగా ఉంచాను. ఆ పనిని సరిచూసినవాళ్లే అక్కడ పెట్టాలి. "నంబర్లెయ్యడానికి రెండు నెల్లా?" అని మా సీనియర్ విసుక్కున్నాడు. చిత్తూరులో విన్న మాటలు చెప్పాను. మళ్లీ అడగలేదు.

కొత్త పద్ధతిలో గీసిన మొదటి డ్రాయింగుల కట్టను పాకాలకు తీసుకెళ్లి ఆ ఎలక్ట్రీషియన్ చేతికే ఇచ్చాను. ఎడమచేత్తో ఒక్కో పేజీ తిప్పుతూ ఇంటి అరుగు మీద గంటసేపు చదివాడు.

"బాగుండాది. మొత్తం ఎన్ని పేజీలు?"

"ఇరవై రెండు అన్నా."

"ఆ సంగతి యాడా రాయలేదే! నంబర్లు వందలు దాటి ఎగిరెగిరి పోతా ఉండాయి. నడిమధ్యన ఒక కాగితం జారిపోతే నాకెట్ల తెలిసేది?"

రెండు నెలలు కూర్చుని నేను సరిచూసుకున్న కట్ట అది. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, ఒక పెన్ను నా పక్కన పెట్టింది. మొదటి పేజీ తీసుకుని, కింద "ఇరవై రెండులో ఒకటి" అని రాయడం మొదలుపెట్టాను.