‘ఆయ్’ అంటే ‘ఐ’ కాదు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందు ఏడాది, ఏప్రిల్ నెలలో, మైక్రోలైట్ పైలట్ సర్టిఫికెట్ కోరుతున్న ఒక అభ్యర్థికి ఫ్లైట్ టెస్ట్ పెట్టడానికి నన్ను కోనసీమకు పంపారు. మైక్రోలైట్ అంటే ఇద్దరు పక్కపక్కన ఇరుక్కుని కూర్చునే చిన్న విమానం. రెక్కలకు గుడ్డ తొడుగు, ముందు ఒక చిన్న ఇంజను, ఇద్దరి ముందూ చెరొక కంట్రోల్ కర్ర. వైమానిక దళంలో శిక్షకుడిగా పనిచేసి బయటికొచ్చాక నాకు పరీక్షాధికారి హోదా వచ్చింది. హోదా పెద్దగా వినిపిస్తుంది గానీ పని చిన్నదే. పక్క సీట్లో నోరు మూసుకుని కూర్చుని, ఈ మనిషి రేపు ఎవరినీ చంపడని నిర్ధారించుకోవాలి.

నాది కర్నూలు వైపు. మా వైపు అవునంటే అవును, కాదంటే కాదు. కాట్రేనికోనలో దిగిన సాయంత్రం నుంచీ నా చెవిన పడింది ఒకటే మాట, ‘ఆయ్’. గెస్ట్‌హౌస్ వంటాయన్ని కాఫీ అడిగాను. ‘ఆయ్’ అన్నాడు. కాఫీ రాలేదు. కాసేపు చూసి మళ్ళీ అడిగితే, ‘ఆయ్, ఇందాకే విన్నానండి. పాలు రావాలండి’ అన్నాడు, ఎంతో వినయంగా. అంటే ఆయన ఆయ్‌కి అర్థం తెస్తానని కాదు, విన్నానని. ఓరి దేవుడా అనుకుని నవ్వి ఊరుకున్నాను.

పాడుపడ్డ రొయ్యల చెరువులు పూడ్చి, గ్రావెల్ పోసి చదును చేసిన నేల మీద ఉంది ఆ రన్‌వే. పర్యాటకులను సముద్రం మీదుగా తిప్పి తేవాలని దాని యజమానుల ఆలోచన. అక్కడ శిక్షకుడు రాజు గారు, నాలాగే మాజీ సైనికుడు, ఆ ప్రాంతం వాడే. అభ్యర్థి పేరు సత్తిబాబు. గల్ఫ్‌లో ఒక విమానాశ్రయంలో సామాన్ల బండి నడిపేవాడు. సెలవు మీద వచ్చి, ఇక్కడే ఉండిపోయి, రాజు గారి దగ్గర ఎగరడం నేర్చుకున్నాడు. సర్టిఫికెట్ వస్తే ఈ రన్‌వే మీదే ఉద్యోగం. రాకపోతే ఆదివారం మళ్ళీ విమానం ఎక్కి ఆ సామాన్ల బండి దగ్గరికే పోవాలి, లేకపోతే అక్కడి వీసా చెల్లకుండా పోతుంది. ఇలాంటి సంగతులు పరీక్షకు ముందు పరీక్షాధికారికి చెప్పకూడదు. రాజు గారు చెప్పేశారు. నాకు ఒళ్ళు మండింది.

కోనసీమలో ఏప్రిల్‌లో ఎండ ఎక్కగానే సముద్రపు గాలి లేస్తుంది. అంత తేలిక విమానానికి ఆ గాలి పనికిరాదు. అందుకని తెల్లవారుతూనే బయలుదేరాం. సత్తిబాబు విమానం చుట్టూ తిరిగి చేయవలసిన తనిఖీ శ్రద్ధగా చేశాడు. పైకి లేపడం బాగుంది. మలుపులు బాగున్నాయి. వేగం బాగా తగ్గించి విమానం జారిపోయే స్థితికి తెచ్చి తిరిగి నిలబెట్టడాన్ని మా భాషలో స్టాల్ అంటాం. అదీ బాగుంది. తరువాతి అంశం కోసం విమానాన్ని కాస్త తూర్పుకు తిప్పాలని కర్ర నేను తీసుకున్నాను. తిప్పాక తిరిగి అతనికి అప్పగించాను.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. రెండు కర్రలున్న విమానంలో అసలు ప్రమాదం, నువ్వు నడుపుతున్నావని నేనూ, నేను నడుపుతున్నానని నువ్వూ అనుకోవడం. అందుకని ఇచ్చేవాడు ‘యూ హావ్ కంట్రోల్’ అనాలి, పుచ్చుకునేవాడు ‘ఐ హావ్ కంట్రోల్’ అనాలి. దేశం ఏదైనా, భాష ఏదైనా, మాటలు ఇవే.

నేను ‘యూ హావ్ కంట్రోల్’ అన్నాను. హెడ్‌సెట్‌లో జవాబు వచ్చింది, ‘ఆయ్’.

నాకు ‘ఐ’ అని వినిపించింది. మిగతా రెండు మాటలూ ఇంజను హోరు మింగేసింది కాబోలనుకుని కర్ర వదిలాను. విమానం కాసేపు బుద్ధిగానే పోయింది. తరువాత ఎడమ రెక్క మెల్లగా కిందికి ఒరిగింది. ముక్కు వంగింది. దిద్దుకుంటాడులే అని చూస్తున్నాను. దిద్దలేదు. కొబ్బరితోటలు పెద్దవవుతున్నాయి.

‘ఎవరి చేతిలో ఉందయ్యా?’ అని అరిచాను.

‘మీ చేతిలోనే కదండీ!’ అన్నాడు.

కర్ర అందుకుని విమానాన్ని నిలబెట్టాను. ఆ తరువాత అతను మిగతా అంశాలన్నీ చక్కగా పూర్తి చేశాడు. ఇంజను ఆగిపోయిందనుకో, ఎక్కడ దింపుతావంటే, తోటలూ చెరువులూ వదిలి, దాళ్వా వరి, అంటే రెండో పంట, కోసేసిన చేను ఒకటి చూపించి దాని మీదికి సరిగ్గా తెచ్చాడు. రన్‌వే మీద కూడా మెత్తగా దింపాడు. అయినా కిందికి వచ్చాక ఫలితం చెప్పాను. కంట్రోల్ అప్పగింతలో ఫెయిల్.

ఎందుకు పట్టుకోలేదని అడిగితే, అతను అయోమయంగా రాజు గారి వైపు చూశాడు. ‘ఆయ్ అన్నానండి. ఆయ్ అన్నాక రాజు గారు పట్టుకోరా అంటారండి. అప్పుడు పట్టుకుంటానండి. మీరు అనలేదండి’ అన్నాడు. ఇద్దరిదీ ఒకే ప్రాంతం, ఒకే ఆయ్. అన్ని నెలలూ వాళ్ళకు అందులో లోటు కనిపించలేదు. సగం మాటకే కర్ర వదిలినందుకు ఇందులో నా వాటా నాకూ ఉంది. కానీ రేపు అతని పక్కన కూర్చునేది నేను కాదు.

రాజు గారు బతిమాలారు. కుర్రాడి చెయ్యి బంగారమండి, ఒక్క మాట దగ్గర పోయిందండి అన్నారు. ఆ ఒక్క మాట మీదే నేనింకా బతికున్నానండి అన్నాను. అప్పటిదాకా షెడ్డు దగ్గర నిలబడ్డ సత్తిబాబు భార్య మంగ ముందుకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు నిలకడగానే ఉంది. ‘తప్పయితే తప్పేనండి. మళ్ళీ చూడ్డానికి రూలుందాండీ?’ అని అడిగింది. ఆ ప్రశ్న రాజు గారు అడగవలసింది. రూలు ఉంది. ఒక్క అంశంలో తప్పితే ఆ అంశం మట్టుకు మళ్ళీ చూడవచ్చు. మర్నాడు తెల్లవారుతూనే రమ్మన్నాను. నా తిరుగు ప్రయాణం కూడా మర్నాడు మధ్యాహ్నమే.

ఆ రోజంతా వాళ్ళింట్లో ఏం జరిగిందో మర్నాడు రాజు గారు చెప్పారు. మంగ అన్నం కంచం ఇస్తూ ‘యూ హావ్ కంట్రోల్’ అనేదట. ఇతను మూడు మాటలూ అనేదాకా కంచం వదిలేది కాదట. ఆయ్ అన్నప్పుడల్లా కంచం వెనక్కి పోయేదట. పాపం, కూర చల్లారిపోయాక తిన్నాడట.

రెండోసారి నేను కనికరం చూపలేదు. మలుపు మధ్యలో కర్ర ఇచ్చాను, విమానం పైకి ఎక్కుతున్నప్పుడు లాక్కున్నాను. ప్రతిసారీ మూడు మాటలూ స్పష్టంగా వచ్చాయి. చివరికి దిగబోతుండగా, అప్పుడే లేస్తున్న సముద్రపు గాలి ఒక్క తోపు తోసినప్పుడు, కర్ర తీసుకుని, నిలబెట్టి, మళ్ళీ అప్పగించాను. అతని నోట అలవాటుగా వచ్చేసింది, ‘ఆయ్’. నేను కర్ర వదల్లేదు.

‘కాదండి, కాదండి! ఐ హావ్ కంట్రోల్ అండి!’

ఈసారి కర్ర మీద అతని పట్టు నా చేతికి తెలిసింది. వదిలాను. విమానాన్ని తిన్నగా తెచ్చి దింపాడు. మా పదజాలంలో ‘అండి’ లేదు. అయినా తప్పు పట్టలేదు. ఫారం మీద పాస్ అని రాసి సంతకం పెట్టాను. అది చూసి రాజు గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

బయలుదేరుతూ మంగతో, ఇక ఈయన్ని మీకు అప్పగిస్తున్నానమ్మా అన్నాను.

‘ఐ హావ్ కంట్రోల్ అండి’ అంది, తడుముకోకుండా.

విన్నానని చెప్పడం మర్యాద. పట్టుకున్నానని చెప్పడం పని. మొదటిదాన్ని రెండోదిగా తీసుకుంటే విమానం నిలవదు. ఆ మిగిలిన ఏడాదిలో నేను పరీక్షకు వెళ్ళిన ప్రతి చోటా, ఇంజను స్టార్ట్ చేయకముందే అభ్యర్థిని ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. మీ ఊళ్ళో ‘సరే’ అనడానికి ఏమంటారు?